తెలుగు తరగతిలో ఆడియో పాఠాలు – తయారీ, వాడకం

విదేశాల్లో ఉన్న తెలుగు ఊళ్ళలో వారాంతపు తెలుగు తరగతులు ఇప్పుడు కొత్తేమీ కాదు. అందులో పాఠాలు చెప్పేవాళ్ళలో సగం మంది మనలాంటి సాఫ్ట్‌వేరు వాళ్ళే. వారమంతా సర్వర్లతో, డేటాబేసులతో కుస్తీ పట్టి, శనివారం పొద్దున్నే గుణింతాలు చెప్పడానికి వెళ్తుంటాం. నేనూ ఆ బాపతే. ఇక్కడ న్యూజెర్సీలో కొన్నేళ్ళుగా ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి తెలుగు చెబుతున్నాను. మన వృత్తిలో నేర్చుకున్న నాలుగు ముక్కలు ఈ తరగతికి ఎలా పనికొస్తాయన్నదే ఈ నెల విషయం. ప్రత్యేకించి ఆడియో గురించి.

"పిల్లలకి వీడియోలు ఉండగా ఇంకా ఆడియో ఏమిటండీ?" అని మీరు అడగవచ్చు. ముందు దానికి జవాబు చెప్పుకుని, తర్వాత తయారీలోకి దిగుదాం.

ముందు ఒక చిన్న లెక్క

వారానికి రెండు గంటల తరగతి. ఏడాదికి ముప్ఫై వారాలు. మొత్తం 60 గంటలు. తెలుగు ఊళ్ళో పెరిగే పిల్లవాడు రోజుకి 14 గంటలు మేలుకుని ఉంటాడనుకుంటే, మనం ఏడాది పొడుగునా తరగతిలో ఇచ్చే తెలుగు వాడి చెవికి నాలుగైదు రోజుల్లో అందిపోతుంది. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో మాట్లాడినా పిల్లలు ఇంగ్లీషులో జవాబిచ్చే ఇళ్ళే ఎక్కువ. ఇక మనవలు మాట్లాడిన తెలుగు ఫోనులో అమ్మమ్మకి అర్థం కాక, మధ్యలో అమ్మ అనువాదం చేయాల్సి వస్తోందంటే, ఆ లోటు వ్యాకరణంలోనో పదసంపదలోనో కంటే ముందు వినికిడిలో ఉంది.

ఇదే లెక్క ఇంకో వైపు నుంచి చూడండి. తరగతికి అనుబంధంగా రోజుకి 20 నిమిషాల ఆడియో ఇచ్చి, వారానికి ఐదు రోజులు కారులో వినిపిస్తే, ముప్ఫై వారాలకి 50 గంటలు అవుతుంది. తరగతి సమయం దాదాపు రెట్టింపు అయినట్టే. కారులో వీడియో చూపిస్తే పిల్లల కళ్ళు బొమ్మల మీదకి పోతాయి, కథ బొమ్మలతోనే అర్థమైపోతుంది, మాట మీద శ్రద్ధ ఉండదు. ఆడియోలో ఆ అవకాశం లేదు. మాట వింటేనే కథ తెలుస్తుంది.

ఈ ఆలోచన పాతదే

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టి, మరుసటి ఏడాది దాని ఉపయోగాల గురించి రాసిన వ్యాసంలోనే ఉచ్చారణ నేర్పడాన్నీ, ఉపాధ్యాయుల వివరణలు భద్రపరచడాన్నీ చేర్చాడు. మన దగ్గర ఆకాశవాణిలో రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కోసం నడిపిన కార్యక్రమాలు మన అమ్మానాన్నల తరానికి బాగా గుర్తు. స్పుత్నిక్ తర్వాత అమెరికా 1958లో చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం కింద బడుల్లో వేల కొద్దీ భాషా ప్రయోగశాలలు వెలిశాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని టేపు వెనకాల వల్లె వేయడమే అక్కడ పని. ఆ ఉత్సాహం ఎక్కువ కాలం నిలవలేదు. వల్లె వేసిన వాక్యాలకీ, బయట మాట్లాడే మాటలకీ పొంతన కుదరకపోవడం దానికి ఒక కారణం.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ నికరాగువాది. 1970 దశకం మధ్యలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో రేడియో ద్వారా లెక్కలు నేర్పారు. అందులో కిటుకు ఏమిటంటే, రేడియోలో గొంతు ప్రశ్న అడిగి ఆగుతుంది. తరగతిలో పిల్లలందరూ గట్టిగా జవాబు చెబుతారు. తర్వాత రేడియో సరైన జవాబు చెబుతుంది. ఆ ఖాళీ కూడా పాఠంలో భాగమే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మనకి పనికొస్తుంది.

పిల్లల చెవిలో ఏం జరుగుతోంది?

1984లో కెనడా పరిశోధకులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన పరిశోధన ఇది. హిందీలోని ట, త శబ్దాల తేడాని ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే పసిపిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో బాగానే గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది ఆ శక్తి కోల్పోయారు. వాళ్ళ చుట్టూ ఉన్న భాషకి ఆ తేడాతో పని లేదు కాబట్టి చెవి దాన్ని పక్కన పెట్టేసింది. ఇంగ్లీషులో 'టీ' అనే శబ్దం మన 'ట'కీ 'త'కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందుకే మన పిల్లల నోట్లో 'తాత' కాస్తా 'టాటా' అవుతాడు!

రెండో సంగతి. పెదవులు విడిపోయాక గొంతు మోగడానికి పట్టే వ్యవధిని 1964లో లిస్కర్, అబ్రామ్‌సన్ పదకొండు భాషల్లో కొలిచారు. ఇంగ్లీషులో పదం మొదట వచ్చే ప, ట, క లకి అది సుమారు 60 నుంచి 80 మిల్లీసెకన్లు. తమిళంలో 25 లోపే. తెలుగు ప, ట, క లు కూడా తమిళం లాగే ఊపిరి ఊదకుండా పలికేవే. మన పిల్లలు 'పాలు' అంటే 'ప్హాలు' అన్నట్టు వినబడేది ఇందుకే.

దీన్ని సరిచేయవచ్చా? పెద్దవాళ్ళకి కూడా కొంతవరకు సాధ్యమేనని 1990 దశకం మొదట్లో ఇండియానా విశ్వవిద్యాలయంలో పిసోనీ బృందం చూపించింది. జపాను వాళ్ళకి ర, ల తేడా వినడం కష్టం. వాళ్ళకి అనేకమంది గొంతులతో రికార్డు చేసిన పదాలు వినిపించి, వెంటనే తప్పొప్పులు చెబుతూ సాధన చేయించారు. మెరుగుదల కనబడింది. ఒకే గొంతుతో సాధన చేసినవాళ్ళు మాత్రం కొత్త గొంతు వినిపిస్తే తడబడ్డారు. ప్రోగ్రామింగు భాషలో చెప్పాలంటే, ఒకే డేటాతో శిక్షణ ఇస్తే మోడలు ఆ డేటాకే అతుక్కుపోయినట్టు అన్నమాట.

మూడోది హెచ్చరిక లాంటిది. 2003లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి పన్నెండు విడతల్లో చైనీస్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన పిల్లలు ఆ భాష శబ్దాలు పట్టుకున్నారు. అదే మాటల్ని కేవలం ఆడియోగానో, వీడియోగానో వినిపించిన పిల్లలకి ఏమీ అంటలేదు. మన పిల్లలు అంత పసివాళ్ళు కాకపోయినా, పాఠం మాత్రం మనకీ వర్తిస్తుంది. ఆడియో ప్లే చేసి పక్కకి వెళ్ళిపోతే ప్రయోజనం తక్కువ. దాని చుట్టూ మనిషి ఉండాలి.

శబ్దం అంకెలుగా మారేటప్పుడు

ఇక మనకి ఇష్టమైన భాగం. ఫోన్లో పేరు చెప్పేటప్పుడు "ఎస్ ఫర్ సామ్, ఎఫ్ ఫర్ ఫ్రాంక్" అని మనందరం చెప్పినవాళ్ళమే. తప్పు మన ఉచ్చారణది కాదు, ఫోనుది. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసుకుపోతుంది. దాన్ని సెకనుకి 8000 శాంపిల్స్‌తో అంకెలుగా మారుస్తారు. నైక్విస్ట్ సూత్రం ప్రకారం సెకనుకి ఎన్ని శాంపిల్స్ తీసుకుంటే అందులో సగం పౌనఃపున్యం వరకే పట్టుకోగలం. అంటే 4000 హెర్ట్జ్. 'స' శబ్దంలో బలమంతా ఎక్కువగా దానికి పైనే ఉంటుంది. 'శ' కొంచెం కిందకి ఉంటుంది. ఆ పై భాగం కోసేస్తే స, శ, ఫ లు కలగాపులగం అయిపోతాయి. శ, స ల తేడా నేర్పే పాఠాన్ని ఫోన్ కాల్ నాణ్యతతో రికార్డు చేయడం, రంగుల పాఠాన్ని నలుపు తెలుపు టీవీలో చూపించడం లాంటిది.

కాబట్టి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు, మోనో. ఇది చాలు. స్టీరియో అక్కర్లేదు, మనిషి గొంతు ఒకచోటి నుంచే వస్తుంది. నిమిషానికి సుమారు 5.3 మెగాబైట్లు అవుతుంది. అసలు రికార్డింగుని ఈ వేవ్ రూపంలోనో, నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ రూపంలోనో దాచుకోండి. పిల్లలకి పంచడానికి దాన్ని ఎంపీ3గా మార్చండి. 64 కిలోబిట్ల మోనో అయితే నిమిషానికి అర మెగాబైటు కూడా అవదు. పది నిమిషాల పాఠం ఐదు మెగాబైట్లలోపే.

ఎంపీ3 ఎలా కుదిస్తుంది? పెద్ద శబ్దం పక్కన ఉన్న చిన్న శబ్దాన్ని మన చెవి పట్టించుకోదు. ఆ వినబడని వివరాలకి బిట్లు ఖర్చుపెట్టకుండా మిగుల్చుకుంటుంది. కానీ మరీ తక్కువ బిట్‌రేటులో పెడితే ట, ప, క లాంటి శబ్దాల మొదట్లో వచ్చే చిన్న పేలుడు ముందుకీ వెనక్కీ అలుక్కుపోతుంది. మనం నేర్పాలనుకున్నదే అది! ఒకసారి ఎంపీ3 చేసినదాన్ని మళ్ళీ దిద్ది మళ్ళీ ఎంపీ3 చేస్తే నష్టం పేరుకుంటుంది. సోర్స్ కోడు దాచుకోకుండా బైనరీని దిద్దుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. ఎంపీ3 పేటెంట్ల లైసెన్సు గొడవ కూడా 2017తో ముగిసింది. 2012లో ప్రామాణికమైన ఓపస్ ఇంకా మెరుగైనదే కానీ, తాతయ్యల పాత కారు స్టీరియో దాకా ఎక్కడైనా పలికేది మాత్రం ఎంపీ3నే.

రికార్డింగు

స్టూడియో అక్కర్లేదు. బట్టలు వేలాడదీసిన క్లాజెట్‌ని మించిన గది లేదు, బట్టలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. హీటరు, ఫ్యాను ఆపేయండి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. ఎదురుగా పెడితే ప, బ లు పలికినప్పుడు గాలి మైకుకి తగులుతుంది. శబ్దం స్థాయి గరిష్ఠంగా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. 16 బిట్లలో అతి పెద్ద అంకె 32,767. దాన్ని మించితే అల తల తెగిపోతుంది, ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

ఎడిటింగుకి నేను వాడేది ఆడాసిటీ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలై 2000లో విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేరు. నా పద్ధతి ఇది:

1. మొదట పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలి.

2. పాఠంలోని నలభై పదాలూ ఒకే ఊపున, మధ్యలో కాస్త ఆగుతూ చదివించాలి. తప్పు వస్తే ఆపకుండా ఆ పదం మళ్ళీ చెప్పిస్తే సరి.

3. ఆ పది సెకన్ల నిశ్శబ్దాన్ని నమూనాగా చూపించి 'నాయిస్ రిడక్షన్' కొద్దిగానే వాడాలి. స, శ, హ లు స్వభావరీత్యా గాలి చప్పుడే కాబట్టి, గట్టిగా వాడితే సాఫ్ట్‌వేరు వాటిని కూడా రొదే అనుకుని తినేస్తుంది.

4. ఎనలైజ్ మెనూలో 'లేబుల్ సౌండ్స్' వాడితే ఒక్కో పదానికి ఒక్కో లేబుల్ పడుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 'మల్టిపుల్ ఫైల్స్' ఎంచుకుంటే నలభై ఫైళ్ళు ఒకేసారి తయారు.

5. వినిపించే పాఠంలో ప్రతి ప్రశ్న తర్వాత జనరేట్ మెనూ నుంచి మూడు, నాలుగు సెకన్ల సైలెన్స్ చేర్చాలి. నికరాగువా రేడియో వాళ్ళ కిటుకు ఇదే.

చాలామంది అడిగే ప్రశ్న: "వేగం తగ్గించి వినిపించవచ్చా?" ఆడాసిటీలో స్థాయి మారకుండా వేగం తగ్గించే సదుపాయం ఉంది. కానీ తెలుగులో హ్రస్వ దీర్ఘాల తేడా అంతా కాలంలోనే ఉంది. సాఫ్ట్‌వేరుతో సాగదీస్తే 'మెడ' కాస్తా 'మేడ'కి దగ్గరగా వినబడే ప్రమాదం ఉంది. మాటని సాగదీయకుండా మాటల మధ్య విరామం పెంచడం మేలు.

ఏ పదాలు? ఎవరి గొంతు?

ఒక్క శబ్దమే తేడా ఉన్న జంట పదాలు ఎంచుకోండి. హ్రస్వ దీర్ఘాలకి మెడ–మేడ, వడ–వాడ, విడు–వీడు. ఒత్తులకి గుడి–గుడ్డి, గడి–గడ్డి. ట, త లకి పాట–పాత, మాట–మాత, కోట–కోత. డ, ద లకి పడి–పది. ల, ళ లకి కల–కళ. ఈ చివరి జంటని చివరికే ఉంచండి, పెద్దవాళ్ళలోనే చాలామంది రెండిటినీ ఒకేలా పలుకుతారు.

ప్రతి పదాన్నీ కనీసం నలుగురైదుగురి చేత చెప్పించండి. ఆడ, మగ, పెద్ద, చిన్న, వేర్వేరు జిల్లాల వాళ్ళు. మీ ఊళ్ళో తెలుగు కుటుంబాలు ఉంటే ఇది ఒక సాయంత్రం పని. సొరకాయ అనేవాళ్ళూ ఆనపకాయ అనేవాళ్ళూ, వచ్చాడు అనేవాళ్ళూ వచ్చిండు అనేవాళ్ళూ అందరూ ఉండాలి. పిల్లవాడు సెలవులకి వెళ్ళేది వరంగల్లో, విజయనగరమో, అనంతపురమో మనకి తెలియదు కదా. ఎవరు, ఏ ఊరి వారు, ఏ సంవత్సరం అని ఫైలుతో పాటు ఒక స్ప్రెడ్‌షీటులో రాసుకోండి. ఇప్పుడు కంప్యూటరే తెలుగు చదివి వినిపిస్తోంది, పాఠం హడావుడిగా కావాలంటే పనికొస్తుంది. కానీ అది అసలు మనుషుల గొంతు కాదు. వేర్వేరు ఊళ్ళ మనుషుల గొంతుల్లో ఉండే వైవిధ్యం అందులో అంతగా రాదు.

తరగతిలో ఎలా వాడాలి

కథ అయితే ఒకటిన్నర నిమిషం మించకూడదు. మొదట పేరు, రెండు ముఖ్యమైన పదాలు చెప్పి కథ ఏమై ఉంటుందో ఊహించమనాలి. మొదటిసారి విన్నాక "ఎవరెవరు ఉన్నారు? ఎక్కడ జరిగింది?" రెండోసారి విన్నాక "ఎందుకు? తర్వాత ఏమైంది?" మూడోసారి మాత్రమే చేతికి కాగితం ఇచ్చి, చూస్తూ వినమనాలి. కాగితం ముందే ఇస్తే కళ్ళు చదివేస్తాయి, చెవులు సెలవు తీసుకుంటాయి.

జంట పదాలకి డిక్టేషన్‌ని మించినది లేదు. ఇంగ్లీషులో స్పెల్లింగు తప్పు రాస్తే అది జ్ఞాపకం లోపమో వినికిడి లోపమో చెప్పలేం. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి, అక్షరాలు వచ్చిన పిల్లవాడు 'గుడ్డి' అని వినిపిస్తే 'గుడి' అని రాశాడంటే వాడి చెవికి అలాగే వినబడిందని అర్థం.

ఇక్కడే మన స్ప్రెడ్‌షీటు బుద్ధి అక్కరకొస్తుంది. మెషిన్ లెర్నింగు వాళ్ళు గీసే కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ లాంటిది తరగతికి ఒకటి పెట్టుకోండి. అడ్డువరుసల్లో మనం వినిపించింది, నిలువువరుసల్లో పిల్లలు రాసింది. మా తరగతిలో ఇలా చూస్తే ట, త ల గడుల్లో కంటే ఒత్తుల గడుల్లో తప్పులు ఎక్కువ వచ్చాయి. ట, త ల మీద పెట్టే సమయంలో కొంత ఒత్తులకి మళ్ళించాను. గుడి, గుడ్డి అంటున్నప్పుడు చప్పట్లు కొట్టించి, ఒత్తు దగ్గర ఒక క్షణం ఆగడం చూపిస్తే ఎనిమిదేళ్ళ పిల్లలకి కూడా వెంటనే అందింది. మీ తరగతి లెక్కలు వేరుగా ఉండవచ్చు. అందుకే లెక్క వేసి చూడమంటున్నాను.

ఇంటికి ఇచ్చే పని

మా పిల్లలకి నెలకి ఒకసారి ఇచ్చే పని: అమ్మమ్మనో తాతయ్యనో ఒక్క ప్రశ్న తెలుగులో అడిగి, రెండు నిమిషాల జవాబు రికార్డు చేసి తేవాలి. "మీ చిన్నప్పుడు బడికి ఎలా వెళ్ళేవారు?" "సంక్రాంతికి మీ ఇంట్లో ఏమేం చేసేవారు?" లాంటివి. వారాంతంలో వాటిలో ఒకటి తరగతిలో అందరం వింటాం, మిగిలిన పిల్లలు ప్రశ్నలు వేస్తారు, అవి మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి వెళతాయి. ఇందులో వైవిధ్యమున్న గొంతులూ ఉన్నాయి, ఎదురుగా స్పందించే మనిషీ ఉంది. పాఠ్యపుస్తకంలో దొరకని మాటలూ ఉన్నాయి. తిరగలి, దండెం, సద్దిమూట లాంటి మాటల్ని మా పిల్లలు నేర్చుకున్నది ఇలాగే. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ గొంతులు ఎల్లకాలం మనకి ఫోనులో అందవు. అసలు ఫైలుని రెండు చోట్ల దాచమని తల్లిదండ్రులకి చెబుతుంటాను.

వీడియో కాల్ మీద రికార్డు చేస్తే సాఫ్ట్‌వేరు రొద తగ్గించే పనిలో మాటల అంచులు కత్తిరిస్తుంది. జూమ్ అయితే 'ఒరిజినల్ సౌండ్' ఎంచుకోండి. ఇంకా మంచిది, అక్కడున్న బంధువుల చేత వాళ్ళ ఫోనులోనే రికార్డు చేయించి ఫైలు తెప్పించుకోవడం.

కొన్ని జాగ్రత్తలు

రికార్డు చేసే ముందు అవతలివారికి చెప్పి, సరేనన్నాకే మొదలుపెట్టాలి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఫోనులో ఉన్న అందరి అనుమతీ చట్టప్రకారం అవసరం. పిల్లల గొంతులు నెట్‌లో పెట్టకండి. అమెరికాలో పిల్లల ఆన్‌లైన్ గోప్యతా నియమాలను సవరించాక, 2013 నుంచి 13 ఏళ్ళలోపు పిల్లల గొంతు ఉన్న ఆడియో ఫైలుని కూడా వ్యక్తిగత సమాచారంగానే లెక్కిస్తున్నారు. లాభాపేక్ష లేని మన బడులకి ఆ చట్టం నేరుగా వర్తించకపోయినా పాటించదగిన పద్ధతి. సినిమా పాటలూ, ఆడియో పుస్తకాలూ కాపీ చేసి అందరికీ పంచడం కూడా మానండి. మన సొంత రికార్డింగులుంటే ఆ బెంగే ఉండదు.

మొదలుపెట్టడానికి పెద్ద ప్రణాళిక అక్కర్లేదు. పది జంట పదాలు, నలుగురి గొంతులు, ఒక సాయంత్రం. వచ్చే శనివారం డిక్టేషన్ పెట్టి ఎవరు ఏం రాశారో లెక్క వేయండి. నెల తర్వాత అవే జంటల్ని కొత్త గొంతుతో వినిపించి మళ్ళీ లెక్క వేయండి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తర్వాతి నెల ఏ పాఠం చెప్పాలో మీకే తెలుస్తుంది.